ఆంగ్లమున జంటక్రియలు

మన వికారాబాదు, తాండూరు ప్రాంతముల సంతలలో తెలుగు, ఉర్దూ, కన్నడము మూడును వినవచ్చుచుండును. నాలుగవదియగు ఆంగ్లము బిడ్డల పుస్తకముల సంచితో నేరుగా వంటయింటిలోనికే ప్రవేశించినది. 2022-23 విద్యాసంవత్సరమునుండి తెలంగాణ ప్రభుత్వ పాఠశాలలలో ఒకటవ తరగతి మొదలు ఎనిమిదవ తరగతివరకు ఆంగ్లమాధ్యమము ప్రవేశపెట్టబడెను. కావున బిడ్డ చదువు కనిపెట్టి చూడగోరు తల్లికి ఆ భాషతో కొంత పరిచయ మావశ్యకము.

ఇందు మనలను తికమకపెట్టునవి పెద్దమాటలు కావు, చిన్నమాటలే. 'పుట్' అనగా ఉంచుట యని తెలియును. 'ఆఫ్' అను మాటను దీపపు మీట నొక్కునపుడెల్ల వినుచున్నాము. కాని పరీక్ష 'పుట్ ఆఫ్' అయినదనిన వాయిదా పడినదని యర్థము. 'కాల్ ఆఫ్' అయినదనిన బొత్తిగా రద్దయినదని యర్థము. ఈ భేద మెరుగనిచో బిడ్డ పుస్తకము మూసి కూర్చుండును. వైద్యునియొద్ద నిది మరింత ముఖ్యము. 'థ్రో అప్' అనగా వాంతి చేసికొనుట. 'పాస్ ఔట్' అనిన మన దేశమున చదువు ముగించుట యని వాడుక. వైద్యుని నోట నదియే స్పృహ తప్పుట.

ఇట్టివానికి ఆంగ్లమున 'ఫ్రేజల్ వెర్బ్స్' అని పేరు. 1925లో లోగన్ పియర్సల్ స్మిత్ తన గ్రంథమున వాడుటచే ఈ పేరు ప్రచారము నొందినది. అంతకు పూర్వమే, 1755లో నిఘంటువును వెలువరించిన శామ్యూల్ జాన్సన్ పండితుడు, పరదేశీయులకు మిక్కిలి కష్టము కలిగించునవి యివియే యని తన పీఠికలో నొప్పుకొనెను. కావున కష్టమని తోచినంతనే మన బుద్ధిని నిందించుకొన బనిలేదు.

అట్లని యిది మనకు క్రొత్తయు గాదు. సంస్కృతమున 'హారము'నకు ముందొక యుపసర్గము చేర్చినచో ఆహారము, విహారము, సంహారము, పరిహారము అని యర్థ మొక్కొక్క దిక్కునకు పోవును. ఆంగ్లమున అట్టి మాట క్రియకు వెనుక చేరును, అంతియే భేదము. తెలుగు మాత్రము తక్కువయా? 'నిండు' అనగా పూర్ణమగుట. కాని 2022లో భౌగోళిక సూచిక పొందిన మన తాండూరు కందులు ఇంట 'నిండుకొన్న'వనిన, డబ్బా ఖాళీ యని ప్రతి గృహిణియు నెరుగును. ఆంగ్లేయులు దీనినే 'రన్ ఔట్' అందురు. మన దీపము కొండెక్కును. వారి దీపము 'గో ఔట్' అగును. మాటలను విడదీసి యర్థము చెప్పబూనిన రెండు భాషలందును నవ్వులపాలగుదుము.

ఇక నేర్చుకొను పద్ధతి. మొదట వెనుక చేరు మాటయొక్క స్వభావము గ్రహింపవలెను. 'అప్' పెక్కుచోట్ల పని పూర్తియగుటను తెలుపును: 'ఈట్ అప్' తినివేయుట, 'యూజ్ అప్' వాడివేయుట, మన 'వేయు' వంటిదే. 'ఆన్' కొనసాగుటను తెలుపును: 'గో ఆన్', 'క్యారీ ఆన్'. 'ఆఫ్' వేరగుటను తెలుపును: చెప్పులు విడుచుట 'టేక్ ఆఫ్', వికారాబాదు జంక్షనున రైలు దిగుట 'గెట్ ఆఫ్'. ఐనను తాండూరు రైలెక్కుట 'గెట్ ఆన్' అగుటచే, ఇది దారి చూపు దీపమే కాని శాసనము కాదు.

పిమ్మట ఒకే క్రియకు గల సంతానమును చేర్చి చదువవలెను. 'లుక్ ఆఫ్టర్' సాకుట, 'లుక్ ఫర్' వెదకుట, 'లుక్ అప్' నిఘంటువులో చూచుట. 'గివ్ అప్' మానుట, 'గివ్ ఇన్' లొంగుట.

సర్వనామముయెడ జాగ్రత్త వలయును. బిడ్డను బడినుండి తెచ్చుటకు 'పిక్ అప్ ది చైల్డ్' అనవచ్చును, 'పిక్ ది చైల్డ్ అప్' అనవచ్చును. 'ఆమెను' అనునపుడు మాత్రము 'పిక్ హర్ అప్' అనియే చెప్పవలెను. 'లుక్ ఆఫ్టర్' వంటివి విడదీయరానివి. అచట 'లుక్ ఆఫ్టర్ హర్' అనవలెను.

మరియొక మాట. 'పుట్ ఆఫ్'నకు 'పోస్ట్‌పోన్' అను లాటిను పుట్టుక గల పర్యాయపదము కలదు. మనము పత్రికలో 'భోజనము' అని వ్రాసి బిడ్డతో 'బువ్వ' అన్నట్లే, వారును కార్యాలయపు లేఖలలో లాటిను మాటను, ఇంట జంటక్రియను వాడుట మెండు. కావున రెంటిని ప్రక్కప్రక్కన వ్రాసికొనుట మేలు.

దినమునకు రెండు చొప్పున, చేయుచున్న పనితో జతపరచి నేర్చినచో నెలకు 60 క్రియలు వశమగును. బడినుండి వచ్చిన కాగితమును బిడ్డయే చదివి చెప్పవలసిన యిల్లు వేరు. తల్లి తానే చదివి బిడ్డను ప్రశ్నింపగల యిల్లు వేరు.