మూర్ఛ అనుకున్నది గుండెదే కావచ్చు



కొన్ని సంవత్సరముల క్రితము మేము ఒక ఎనిమిదేళ్ల పాప భూస్థాపన జరిపించాము. పుట్టుకతోనే ఆమెకు వినికిడి లేదు. ఆటలో పరుగెడుతూ పడిపోయింది, మరి లేవలేదు. అంతకుముందు రెండుసార్లు అలాగే పడితే మూర్ఛ అనుకొని తాళపుచెవులు చేతిలో పెట్టారు. సమాధి దగ్గర ఒక పెద్దాయన, "ఇది తల్లిదండ్రుల పాపమే" అన్నాడు. తల్లి విన్నది. మేమూ విన్నాము, ఊరకున్నాము. పుట్టుగుడ్డివాని విషయమై ప్రభువు శిష్యులకిచ్చిన జవాబు యోహాను 9వ అధ్యాయములో ఉన్నది. దాని మీద ఎన్నోసార్లు ప్రసంగించిన వారమే, ఆ రోజు మాత్రము నోరు రాలేదు.

1957లో నార్వే దేశములో యెర్వెల్, లాంగే-నీల్సన్ అను ఇద్దరు వైద్యులు ఒక కుటుంబమును గూర్చి వ్రాశారు. ఆరుగురు పిల్లలలో నలుగురికి వినికిడి లేదు, తరచు స్పృహ తప్పేవారు. ముగ్గురు 4, 5, 9 ఏళ్ల వయస్సులో హఠాత్తుగా చనిపోయారు. ఆ పిల్లల ఇ.సి.జి.లో ఒక తేడా కనబడింది. గుండె కొట్టుకొన్న ప్రతిసారీ దానిలోని విద్యుత్తు మరల యథాస్థితికి రావాలి. వీరిలో అది ఆలస్యమవుతుంది. ఇ.సి.జి. గీతలో క్యూ నుండి టి వరకు గల భాగము సాగి ఉంటుంది గనుక దీనిని లాంగ్ క్యూటి అంటారు. అప్పుడు పరుగో భయమో తోడైతే గుండె లయ తప్పి వణకుతుంది, మెదడుకు రక్తము అందదు. చూచేవారికి అచ్చము మూర్ఛే.

చెవికేమి సంబంధమని అడుగుతారు. గుండె కణములలో పొటాషియమును దాటించే ద్వారమే లోపలి చెవిలోనూ పని చేస్తుంది. తల్లి నుండి ఒకటి, తండ్రి నుండి ఒకటి, రెండు లోపపు జన్యువులూ వస్తేనే బిడ్డకు ఈ రెండు బాధలూ కలుగుతాయి. అట్టి దంపతుల ప్రతి బిడ్డకూ నాలుగింట ఒక వంతు అవకాశము. మేనరికములు, మేనమామతో పెండ్లిండ్లు ఉన్న మన ఇండ్లలో ఇది ఆలోచించవలసిన సంగతి. వినికిడి బాగున్న వారిలోనూ ఈ గుండె జబ్బు ఉంటుంది. దానికి ఒకరి జన్యువే చాలు.

1979 నుండి అమెరికాలో మాస్, ఇటలీలో ష్వార్ట్స్ మొదలైన వైద్యులు ఇట్టి కుటుంబముల వివరములు పోగుచేసి, ఏళ్ల తరబడి గమనించారు. ఇది తప్పని మరణ శాసనము కాదని తేలింది. క్యూటి 500 మిల్లీసెకన్లు దాటినవారికి, ముందే స్పృహ తప్పినవారికి అపాయము ఎక్కువ. బీటా బ్లాకర్ మాత్రలు చాలామందిని కాపాడుతున్నాయి. అవి చాలనివారికి గుండెను సరిచేసే యంత్రమును ఛాతీలో అమరుస్తారు. ఎరిత్రోమైసిన్ వంటి కొన్ని మందులు వీరికి పడవు. ఈ సంగతి మందుల షాపులో కూడా చెప్పాలి.

పాపకు ఇ.సి.జి. ఎవరూ తీయలేదు. ఆమె తమ్మునికి కూడా వినికిడి లేదు. ఈ సంగతులు తెలిసిన తరువాత మేమే వానిని వెంటబెట్టుకొని గుండె వైద్యుని దగ్గరకు వెళ్లాము. క్యూటి సాగే ఉన్నది. ఇప్పుడు వాడు రోజూ మాత్ర వేసుకొంటున్నాడు. తిరిగి వచ్చిన సాయంత్రము ఆ పెద్దాయన ఇంటికి వెళ్లి, ఆ ఇ.సి.జి. కాగితము చూపించి, సమాధి దగ్గర చెప్పవలసిన మాట చెప్పాము.