తూలనివ్వని తాయ్‌చి!

చైనాలో పొద్దున్నే ఏ పార్కుకి వెళ్లినా అరవై, డెబ్భై దాటినవాళ్లు వరసగా నిలబడి, నీళ్లలో నడుస్తున్నంత నెమ్మదిగా చేతులూ కాళ్లూ కదుపుతూ కనిపిస్తారు. పరుగుల్లేవు, ఆయాసం లేదు. చూసేవాళ్లకి ఇదీ ఒక వ్యాయామమేనా అనిపిస్తుంది. నిజానికి అది యుద్ధవిద్య... పేరు తాయ్‌చి. 17వ శతాబ్దంలో హెనాన్ రాష్ట్రంలోని చెన్ వంశీకుల ఊళ్లో రూపుదిద్దుకుందంటారు. అందరూ తేలిగ్గా నేర్చుకునేందుకు 1956లో అక్కడి క్రీడాశాఖ దాన్ని 24 భంగిమలకు కుదించింది. 2020లో యునెస్కో సాంస్కృతిక వారసత్వ జాబితాలోనూ చేరింది.

ఈ నిదానమే పెద్దవాళ్లకు వరం. మలివయసులో బాగా భయపెట్టేది కిందపడటం. తుంటి ఎముక విరిగితే నెలల తరబడి మంచం మీదే. అందుకే ఒక్కసారి తూలినా చాలు, చాలామంది నడక తగ్గించేస్తారు. నడక తగ్గితే కాళ్లలో సత్తువ తగ్గుతుంది. సత్తువ తగ్గితే మళ్లీ పడే ప్రమాదం. ఈ విషవలయాన్ని తెంచేదే తాయ్‌చి.

మోకాళ్లు కాస్త వంచి, ఒంటి బరువును ఒక కాలి మీది నుంచి రెండోదాని మీదికి మెల్లగా మార్చడమే ఇందులో కీలకం. దాంతో తొడలూ చీలమండలూ బలపడతాయి. శరీరం పట్టుతప్పకుండా నిలదొక్కుకునే నేర్పు పెరుగుతుంది.

అమెరికాలోని ఓరెగాన్ రాష్ట్రంలో, పడిపోయే ముప్పున్న 70 ఏళ్లు పైబడిన 670 మందిపై చేసిన అధ్యయనం 2018లో వెలువడింది. తాయ్‌చి ఆధారంగా రూపొందించిన వ్యాయామాలను వారానికి రెండుసార్లు, గంట చొప్పున 24 వారాలు చేసినవాళ్లు, కేవలం ఒళ్లు సాగదీసే వ్యాయామాలు చేసినవాళ్లకన్నా 58 శాతం తక్కువసార్లు పడ్డారు. పార్కిన్సన్స్ ఉన్న 195 మందిపై 2012లో ప్రచురితమైన మరో పరిశోధనలోనూ తాయ్‌చి చేసినవాళ్లకు నిలకడ మెరుగైంది.

అలాగని ఇది సర్వరోగ నివారిణి కాదు. మందులు మానకూడదు. కీళ్లనొప్పులు, కళ్లు తిరగడం ఉన్నవాళ్లు ముందుగా డాక్టర్ని అడగాలి. మొదట్లో పక్కనే గోడో కుర్చీయో ఉండాలి. మోకాలు నొప్పిపెట్టేంతగా వంచకూడదు. వీలైతే శిక్షకుల దగ్గరే నేర్చుకోవడం మేలు.

వయసు పెరగడం ఎవరి చేతుల్లోనూ లేదు. ఆ వయసులోనూ తమ కాళ్లమీద తాము నిలబడటం మాత్రం... సాధనతో సాధ్యమే!