ఆముదం నుంచి సింథటిక్ దాకా

శృంగవరపుకోట దాటాక అరకు రోడ్డు బొడ్డవర, కాశీపట్నం మీదుగా అనంతగిరి ఘాట్ ఎక్కుతుంది. నిండా మనుషులున్న కారు అక్కడ సెకండ్ గేరులోనే మలుపులు తిరగాలి. ఇంజను జోరుగా తిరుగుతుంది, బండి మెల్లగా కదులుతుంది, చల్లబరిచే ఎదురుగాలి చాలదు. ఆ వేడిలో క్రాంక్‌షాఫ్టు బేరింగును రాసుకోకుండా కాపాడేది వెంట్రుకంత మందం కూడా లేని నూనె పొర. మామూలు ఆయిల్ చాలా, సింథటిక్ పోయించాలా అన్నది తేల్చుకోవాలంటే ఆ పొర కథ తెలియాలి.

ఎడ్లబండి ఇరుసుకు మన రైతులు ఆముదంతో కందెన వేసేవారు. తొలినాటి ఇంజన్లకూ ఆముదమే దిక్కయింది. మొదటి ప్రపంచ యుద్ధంలో రోటరీ ఇంజన్ల విమానాలు దాంతోనే ఎగిరాయి. అది పెట్రోలులో తేలిగ్గా కరగదు, వేడెక్కినా లోహాన్ని పట్టుకునే ఉంటుంది. కాకపోతే వేడికీ గాలికీ త్వరగా బంక కడుతుంది. 1859లో పెన్సిల్వేనియాలో డ్రేక్ చమురు బావి పడ్డాక, ముడిచమురు నుంచి తీసిన మినరల్ ఆయిల్ చవగ్గా దొరికి ఆముదాన్ని క్రమంగా పక్కకు నెట్టింది.

మినరల్ ఆయిల్‌కీ ఒక చిక్కుంది. చలికి గట్టిపడుతుంది, వేడికి పలచబడుతుంది. ఈ మార్పును కొలవడానికి 1929లో డీన్, డేవిస్ అనే ఇద్దరు ఒక సూచిక కట్టారు. వేడికి తక్కువ మారే పెన్సిల్వేనియా నూనెకు 100, బాగా మారే గల్ఫ్ తీరపు నూనెకు 0 ఇచ్చారు. మంచి సింథటిక్‌లు ఇవాళ ఆ 100ను సులువుగా దాటేస్తాయి.

ముడిచమురులో మైనం, గంధకం, రకరకాల అణువులు కలగలిసి ఉంటాయి. ఎంత శుద్ధి చేసినా కొంత మిగులుతుంది. అణువులను మనమే కట్టుకుంటే ఆ బాధ ఉండదు; అలా కట్టిన నూనే సింథటిక్. ఫ్రీడెల్, క్రాఫ్ట్స్ అనే రసాయన శాస్త్రవేత్తలు 1877లోనే ఆ దారి చూపారు. దాన్ని పెద్ద ఎత్తున వాడుకలోకి తెచ్చింది రెండో ప్రపంచ యుద్ధపు అవసరం. యుద్ధం తర్వాత జెట్ ఇంజన్లకు ఎస్టర్ అనే సింథటిక్ నూనెలు వచ్చాయి. వాటిలో కొన్నింటికి మూలమైన సెబాసిక్ ఆమ్లాన్ని తీసేది ఆముదం నుంచే. కార్ల ఇంజన్లకు 1972లో ఆమ్సాయిల్, ఆ దశాబ్దంలోనే మొబిల్ 1 వచ్చాయి. ముడిచమురునే హైడ్రోజన్‌తో లోతుగా మార్చి తీసిన నూనెనూ సింథటిక్ అనవచ్చని 1999లో అమెరికాలో ఒక ప్రకటనల వివాదంలో తీర్పు వచ్చింది. అందుకే నేటి సింథటిక్ డబ్బాలన్నిట్లో ఒకే రకం నూనె ఉండదు.

కాబట్టి డబ్బా మీద ముందు చూడాల్సింది అంకెలు. 5డబ్ల్యూ-30లో 5డబ్ల్యూ చలి గుణం: సున్నాకు 30 డిగ్రీలు దిగువన కూడా ఇంజను తిరగగలగాలి. 30 అన్నది 100 డిగ్రీల వేడిలో చిక్కదనం. డిసెంబరులో అరకు ఎంత వణికినా అంత చలి రాదు. ఉత్తరాంధ్రలో సింథటిక్ అసలు లాభం వేడిలోనే తెలుస్తుంది: అది త్వరగా ఆవిరవదు, త్వరగా మడ్డి కట్టదు. టర్బో ఉన్న కారుకు ఇది మరీ ముఖ్యం. టర్బో ఇరుసు నిమిషానికి లక్ష చుట్లు దాటి తిరుగుతుంది, దానికి ఆధారం ఆ నూనె పొరే. ఘాట్ ఎక్కి ఆగగానే ఇంజను కట్టేయకుండా, ఒక నిమిషం మెల్లగా తిరగనిస్తే టర్బోలో నూనె మాడిపోదు.

టర్బో బండికీ, తరచూ ఘాట్ ఎక్కే బండికీ సింథటిక్ పోయించడం మేలు. మైదానంలో తిరిగే పాత బండికి కంపెనీ చెప్పిన గ్రేడు మినరల్ ఆయిల్ చాలు. 15డబ్ల్యూ-40 రాసిన పాత డీజిల్ జీపులో ఖరీదైనదని 0డబ్ల్యూ-20 పోస్తే పొర పలచబడి ఇంజనుకే ముప్పు. ఆయిల్ నల్లబడిందని కంగారు పడనక్కర్లేదు. మసిని తనలో పట్టి ఉంచడం దాని పనే. గడువు దాటనివ్వడమే తప్పు. వేళకు మార్చిన మామూలు ఆయిల్, గడువు మీరిన సింథటిక్ కన్నా ఇంజనును బాగా కాపాడుతుంది. కారు పుస్తకంలో రాసిన గ్రేడూ గడువూ పాటించి, ఆ తర్వాతే డబ్బా ఖరీదు చూడండి.