విద్యుత్ వాహనాలు: స్వచ్ఛమైన గాలిలో అందరికీ వాటా

నగరంలోని గాలి ప్రజలందరి ఉమ్మడి సొత్తు. కాని అందులోని విషం అందరికీ సమంగా పంపకం కావడం లేదు. అద్దాలు బిగించిన కారులో ప్రయాణించే వ్యక్తికంటె కూడలిలో గంటల తరబడి నిలిచే ట్రాఫిక్ కానిస్టేబులు, రోడ్డు పక్కన పండ్లమ్మే స్త్రీ, రోజంతా ఆటో నడిపే డ్రైవరు వాహనాల పొగకు ఎక్కువగా గురి అవుతారు. కనుక విద్యుత్ వాహనాల ప్రశ్న కేవలం యంత్రాలకు సంబంధించినది కాదు. ఆరోగ్యంలో సమానత్వానికి సంబంధించినది కూడా.

పొగలోని 2.5 మైక్రోమీటర్లకు మించని సూక్ష్మ కణాలు ఊపిరితిత్తుల లోతులకు చేరి, కొంతవరకు రక్తంలోను ప్రవేశిస్తాయి. ఉబ్బసం, గుండెజబ్బు, పక్షవాతం వంటి వ్యాధులకు ఇవి దోహదం చేస్తాయి. డీజిల్ పొగ క్యాన్సరు కారకమని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 2012లో ప్రకటించింది. సూక్ష్మ కణాల వార్షిక సగటు ఘనపు మీటరుకు 5 మైక్రోగ్రాములు మించరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో సూచించింది. మన జాతీయ ప్రమాణం 40. ఢిల్లీ నగరపు సగటు ఈ ప్రమాణానికి కూడా రెట్టింపును దాటుతూ వస్తున్నది.

ఢిల్లీ నేర్పిన పాఠం

1985లో ఎం.సి. మెహతా దాఖలు చేసిన వ్యాజ్యంపై సుప్రీంకోర్టు 1998లో ఢిల్లీ బస్సులన్నిటినీ సహజవాయువుకు మార్చాలని ఆదేశించింది. 2002 చివరికి ఆ మార్పు పూర్తి అయింది. అయితే ఆ తరువాత సొంత వాహనాల సంఖ్య పెరిగిన కొద్దీ, దక్కిన మేలులో చాలా భాగం కరిగిపోయింది. ఇంధనం మార్చడంతోపాటు ప్రజా రవాణాను విస్తరింపజేయడం కూడా అవసరమని ఈ అనుభవం తెలుపుతున్నది.

రోజంతా వీధుల్లో తిరిగే బస్సు, ఆటో, సరకుల బండి విద్యుత్తుకు మారితే కలిగే మేలు, ఎక్కువ సేపు ఇంటివద్ద నిలిచి ఉండే సొంత కారు మారితే కలగదు. 2019లో 10,000 కోట్ల రూపాయలతో ప్రారంభమైన కేంద్ర పథకం బస్సులకు, మూడు చక్రాల, రెండు చక్రాల వాహనాలకు ప్రోత్సాహమిచ్చి, కార్ల విషయంలో అద్దెకు తిరిగేవాటికే సహాయాన్ని పరిమితం చేయడంలోని ఔచిత్యం ఇదే.

అయినా విద్యుత్ వాహనం సర్వరోగ నివారిణి కాదు. దానికి పొగగొట్టం లేకపోయినా టైర్ల అరుగుదల, రోడ్డు దుమ్ము తప్పవు. నిర్మాణపు ధూళి, చెత్త మంటలు, పంట వ్యర్థాల దహనం వాహనం మారినందువల్ల ఆగవు.

పొగ ఎక్కడికి పోతున్నది?

దేశంలో ఉత్పత్తి అయ్యే విద్యుత్తులో 2024 నాటికి దాదాపు నాలుగింట మూడు వంతులు బొగ్గునుండే లభించింది. నగర వీధిలో తగ్గిన పొగలో కొంత సింగ్రౌలి, కోర్బా, రామగుండం వంటి ప్రాంతాల పొగగొట్టాలనుండి వెలువడుతుంది. థర్మల్ కేంద్రాల గంధక వాయువులను అదుపు చేయడానికి 2015లో నియమాలు వెలువడ్డాయి. వాటి గడువు పలుమార్లు పెరిగింది. 2025లో అత్యధిక కేంద్రాలకు శుద్ధి యంత్రాల విషయంలో మినహాయింపు లభించింది. సౌర, పవన విద్యుత్తు వాటా పెరిగిన కొద్దీ ఈ భారం తగ్గుతుంది.

మరొక భారం బ్యాటరీలది. అనేక ఈ-రిక్షాలు సీసపు బ్యాటరీలతో నడుస్తాయి. పాతబడిన వాటిని అనుమతి లేని కొలుముల్లో కరిగించినప్పుడు సీసం గాలిలోను, మట్టిలోను కలిసి పరిసరాల్లోని పిల్లల మెదడు ఎదుగుదలను దెబ్బతీస్తుంది. వాడిన బ్యాటరీల సేకరణ బాధ్యతను 2022 నాటి నియమాలు ఉత్పత్తిదారులపై ఉంచాయి. వాటి అమలు కట్టుదిట్టం కావాలి.

కొత్త వాహనాల విజయాన్ని అమ్మకాల సంఖ్యతో మాత్రమే కొలవరాదు. కూడలిలో నిలిచే శ్రామికునితోపాటు విద్యుత్ కేంద్రం చెంత నివసించే కుటుంబానికీ, కొలిమి పక్క బస్తీలో పెరిగే బిడ్డకూ స్వచ్ఛమైన గాలి అందినప్పుడే ఈ మార్పు జాతి మొత్తానికి మేలు చేసినదవుతుంది.