కార్ జాక్ కొంటున్నారా? టన్నుల కంటే ముందు మిల్లీమీటర్లు చూడండి

ఆన్‌లైన్‌లో "ఎలక్ట్రిక్ కార్ జాక్" అని ఒకసారి సెర్చ్ చేసి చూడండి. ప్లాస్టిక్ సూట్‌కేసు, దాంట్లో 12 వోల్ట్ జాక్, ఎల్ఈడీ లైటు, టైర్ ఇన్‌ఫ్లేటర్, పక్కనే పెద్ద అక్షరాల్లో 5 టన్. మనలాంటి గ్యాడ్జెట్ పిచ్చోళ్లకి చెయ్యి ఆగదు. దారిలో పంక్చర్ అయితే స్టెప్నీ మార్చడానికి ఆ కిట్ పనికొస్తుంది, కాదనను. ఇంట్లోనే ఆయిల్ మార్చాలి, బ్రేక్ ప్యాడ్‌లు వేయాలి, కిందకి దూరి ఏదో శబ్దం వస్తుంటే చూడాలి అనుకునేవాళ్లకి మాత్రం కావాల్సింది అది కాదు.

ముందు ఆ టన్నుల లెక్క తేల్చేద్దాం. స్విఫ్ట్ లాంటి హ్యాచ్‌బ్యాక్ మొత్తం బరువే 900 కిలోల దరిదాపుల్లో ఉంటుంది. క్రెటా సైజు ఎస్‌యూవీ అయినా టన్నున్నర లోపే. పైగా మనం ఒకేసారి నాలుగు చక్రాలూ లేపం కదా. ముందు భాగం ఎత్తితే కారు బరువులో సగం, లేదా ఇంకాస్త ఎక్కువ జాక్ మీద పడుతుంది. 2 టన్ జాక్‌కి అది లెక్కే కాదు. కెమెరాకి 200 మెగాపిక్సెల్ ఎలాగో, జాక్‌కి 5 టన్ అలాగ. బాక్స్ మీద బాగుంటుంది, అంతే.

నేను స్పెక్ షీట్‌లో మొదట చూసేది కనీస ఎత్తు. స్విఫ్ట్ గ్రౌండ్ క్లియరెన్స్ 163 ఎంఎం. మామూలు ట్రాలీ జాక్‌లు పూర్తిగా దించినా 130 ఎంఎం పైనే ఉంటాయి. టైర్‌లో గాలి లేకపోతే, లేదా బంపర్ కింద నుంచి జాక్‌ని లోపలి దాకా తోయాలంటే, అక్కడే ఇరుక్కుంటుంది. లో ప్రొఫైల్ అని అమ్మేవి 75 నుంచి 100 ఎంఎం దాకా దిగుతాయి. హ్యాచ్‌బ్యాక్, సెడాన్ ఉన్నవాళ్లు వాటినే చూడండి.

లోపలి దాకా ఎందుకు తోయాలి? ఈ సంగతి ప్రొడక్ట్ పేజీల్లో ఎవరూ రాయరు. కారు అంచున, చక్రాల దగ్గర, కిందికి దిగిన రేకు మీద చిన్న గాట్లు ఉంటాయి. డిక్కీలో ఇచ్చే సిజర్ జాక్ పెట్టేది అక్కడే. జాక్ స్టాండ్ పెట్టాల్సిందీ అక్కడే! జాక్ ఆ చోట కూర్చుంటే స్టాండ్ ఎక్కడ పెడతారు? అందుకే ట్రాలీ జాక్‌తో ముందు భాగాన్ని మధ్యలో, క్రాస్‌మెంబర్ దగ్గర ఎత్తి, రెండు పక్కలా గాట్ల దగ్గర స్టాండ్లు పెడతారు. ఆ మధ్య పాయింట్ ఏ కారుకి ఎక్కడుందో సర్వీస్ మాన్యువల్‌లో చూడాల్సిందే. ఊహించి ఆయిల్ సంప్ కింద పెడితే రేకు లోపలికి నొక్కుకుపోతుంది.

తర్వాత చూడాల్సింది గరిష్ఠ ఎత్తు. జాక్ కొడుతున్న కొద్దీ ముందు సస్పెన్షన్ సాగుతుంది, చక్రం నేల వదలడానికి టైం పడుతుంది. మామూలు 3 టన్ స్టాండ్‌ని పూర్తిగా దించినా ఎత్తు 28 సెంటీమీటర్ల చుట్టుపక్కల ఉంటుంది. చిన్న ట్రాలీ జాక్ 33 సెంటీమీటర్ల దగ్గరే ఆగిపోతే, స్టాండ్ దూర్చడం బొటాబొటిగా ఉంటుంది. ఈ రెండు నంబర్లూ పక్కపక్కన పెట్టి చూశాకే కార్ట్‌లో వేయండి.

ఇంతకీ స్టాండ్లు తప్పనిసరా? తప్పనిసరే. జాక్ ఉన్నది ఎత్తడానికి, పట్టుకుని ఉండటానికి కాదు. హైడ్రాలిక్ జాక్‌లో మొత్తం బరువుని ఆపుతున్నది ఒక రబ్బరు సీల్, ఒక వాల్వ్. సీల్ అరిగితే నెమ్మదిగా దిగుతుంది, తెగితే ఒక్కసారిగా దిగుతుంది. కింద మీ తలకాయ ఉంటే రెండింటికీ తేడా ఉండదు. స్టాండ్లలో పళ్ల మీద లాక్ అయ్యే రాట్చెట్ రకం, రంధ్రంలో పిన్ను దూర్చే రకం అని రెండున్నాయి. 2020లో అమెరికాలో హార్బర్ ఫ్రైట్ తన పిట్స్‌బర్గ్ స్టాండ్లను లక్షల్లో వెనక్కి పిలిచింది. కారణం, కొన్నింట్లో పళ్లు సరిగ్గా పట్టుకోక, బరువు కదిలితే స్టాండ్ కిందికి జారే ప్రమాదం. వాటి బదులు ఇచ్చిన స్టాండ్లలో కొన్నింటినీ వెల్డింగ్ లోపంతో మళ్లీ వెనక్కి పిలిచారు. నేను పిన్ను రకమే వాడతాను. ఎత్తు సర్దుకోవడానికి మెట్లు తక్కువ, కానీ జారడానికి అందులో ఏమీ లేదు. ఇంకోటి, స్టాండ్ల మీద రాసే కెపాసిటీ కొన్ని బ్రాండ్లలో జతకి, కొన్నింట్లో ఒక్కోదానికి. చిన్న అక్షరాలు చదవండి. స్టాండ్ల బదులు ఇటుకలు, సిమెంట్ బ్లాకులు పెట్టే వీడియోలుంటాయి, వాటిని స్కిప్ చేయండి. అవి పగిలేముందు చెప్పవు.

చక్రాలకి అడ్డంగా పెట్టే చాక్స్ బిల్లులో అన్నిటికన్నా చవకైనవి, అందరూ వదిలేసేవీ అవే. చాలా కార్లలో హ్యాండ్‌బ్రేక్ పట్టేది వెనక చక్రాల్ని. వెనక భాగం ఎత్తారంటే హ్యాండ్‌బ్రేక్ ఉన్నా లేనట్టే. ఆటోమేటిక్‌లో 'పి'లో పెట్టాం కదా అంటారా? ముందు చక్రాలతో నడిచే కారులో ఒక ముందు చక్రం గాల్లో ఉంటే, 'పి' రెండో చక్రాన్ని ఆపలేదు, డిఫరెన్షియల్ దాన్ని తిరగనిస్తుంది. నేల మీద ఉన్న చక్రాలకి చాక్స్ ఉండాల్సిందే.

అపార్ట్‌మెంట్ పార్కింగ్‌లో పేవర్ బ్లాకులుంటే జాక్ కింద మందమైన ప్లైవుడ్ ముక్క వేయండి. కారు లేస్తున్నప్పుడు జాక్ కొంచెం దొర్లాలి, చక్రం సందులో ఇరుక్కుంటే జాక్ పక్కకి లాగుతుంది. ఎండాకాలం తారు రోడ్డు మీదైతే స్టాండ్ కాళ్లు దిగబడతాయి. కొంచెం వాలుగా ఉన్న చోటైతే ఆ రోజుకి పని మానేయడమే.

స్టాండ్ల మీద కూర్చోబెట్టాక కారుని చేత్తో గట్టిగా ఊపి చూస్తాను. తీసిన చక్రం ఉంటే దాన్ని కారు అంచు కింద పడుకోబెడతాను. ఆ తర్వాతే కిందికి. కేవలం ఆయిల్ మార్చడమే పనైతే ర్యాంపులు చాలు, చక్రాలు తీసే పనికి మాత్రం పనికిరావు. ఈవీ ఉన్నవాళ్లు మధ్యలో ఎత్తే ఆలోచనే పెట్టుకోకండి, అక్కడ ఉండేది బ్యాటరీ. అంచున కంపెనీ చూపించిన పాయింట్లే, మధ్యలో రబ్బరు ప్యాడ్‌తో.

జాక్ ఇంటికి వచ్చాక ఒక పరీక్ష ఉంది. చక్రం తీయకుండా, ఎవరూ కిందకి వెళ్లకుండా కారుని ఎత్తి, టేపుతో ఎత్తు కొలిచి రాసుకోండి. గంట తర్వాత మళ్లీ కొలవండి. దిగిందంటే ఆ పీస్ వెనక్కే. రిటర్న్ విండో 7 రోజులే ఉంటే ఈ పని మొదటి రోజే చేసేయండి.