పేరు చిన్న, సంతకం ప్రియం

నాయకుల సంతకాలు సేకరించేవాళ్లు అన్నిటికన్నా ఎక్కువగా వెతికేది ఎవరి సంతకం? వాషింగ్టన్‌దీ కాదు, లింకన్‌దీ కాదు. బటన్ గ్విన్నెట్‌ది! 1776 నాటి అమెరికా స్వాతంత్ర్య ప్రకటన మీద సంతకాలు చేసిన 56 మందిలో ఆయనొకరు, జార్జియా ప్రతినిధి. మరుసటి ఏడాది మే నెలలోనే రాజకీయ ప్రత్యర్థితో పిస్తోళ్ల ద్వంద్వయుద్ధానికి దిగి, తొడలో గుండు దిగబడి, మూడు రోజులకు కన్నుమూశాడు. పేరు మోగకముందే పోయిన మనిషి ఉత్తరాలను ఎవరు దాస్తారు? ఇప్పటికి దొరికిన సంతకాలు యాభై చిల్లర. 2010లో సోత్‌బీ వేలంపాటలో ఒకటి 7,22,500 డాలర్లు పలికింది. 56 మందివీ ఒక్క సెట్టుగా కూర్చాలన్న పట్టుదలే ఆ ధరకు కారణం. అలా మొదటి సెట్టు పూర్తిచేసింది విలియం స్ప్రేగ్ అనే పాదిరీ.

అమెరికా అధ్యక్షుల్లో విలియం హెన్రీ హారిసన్‌దీ ఇలాంటి కథే. 1841 మార్చి 4న పదవి చేపట్టి, సరిగ్గా నెలకు మరణించాడు. అధ్యక్ష హోదాలో ఆయన చేసిన సంతకం దొరకడం గగనం.

ధరల్లో మాత్రం వాషింగ్టన్‌దే పైచేయి. రాజ్యాంగం, తొలి చట్టాలు ఉన్న ఆయన సొంత పుస్తకం, అంచుల్లో ఆయన రాసుకున్న గుర్తులతో సహా, 2012లో 98 లక్షల డాలర్లకు పోయింది. ఆయన ఇంటిని కాపాడుతున్న మౌంట్ వెర్నన్ సంఘమే దాన్ని కొనుక్కుంది. మంచి పని.

లింకన్ మామూలు ఉత్తరాల మీద ‘ఎ. లింకన్’ అని పొడిగా రాసేవాడు. బానిస విముక్తి ప్రకటన మీద మాత్రం పూర్తి పేరు రాశాడు. 1863 జనవరి 1న వందల మందితో కరచాలనం చేసి చేసి చెయ్యి వణుకుతుంటే, సంతకం వణికితే తాను వెనకాడానని జనం అనుకుంటారని కాసేపు ఆగి మరీ చేశాడట. మరుసటి ఏడాది ఆయన సంతకంతో 48 ముద్రిత ప్రతులు వెలువడ్డాయి. సైనికుల సహాయార్థం ఒక్కొక్కటి 10 డాలర్లకు అమ్మకానికి పెట్టారు. అందులో ఒకటి 1964లో రాబర్ట్ కెనెడీ 9,500 డాలర్లకు కొన్నారు. 2010లో అది 37 లక్షల డాలర్లు దాటింది.

ధర ఉన్నచోట దొంగ సంతకం తప్పదు. జోసెఫ్ కోసీ పాత కాగితం మీద లింకన్ రాతనూ, బెంజమిన్ ఫ్రాంక్లిన్ రాతనూ ఎంత నేర్పుగా దించాడంటే, ఇప్పుడు కోసీ నకిలీలకే వేరుగా కొనుగోలుదారులున్నారు.

మన దగ్గర గాంధీజీ తన సంతకానికి తానే ధర కట్టారు: 5 రూపాయలు. ఆ డబ్బు హరిజన నిధికి వెళ్లేది. నా దృష్టిలో పై లక్షలన్నిటికన్నా విలువైన ధర ఇదే. ఇక ఏ వేలంపాటకూ రాని మన సంతకాల నిధి భారత రాజ్యాంగం. 1950 జనవరి 24న 284 మంది రాజ్యాంగ సభ సభ్యులు సంతకాలు చేసిన ఆ చేతిరాత ప్రతి పార్లమెంటు గ్రంథాలయంలో, నైట్రోజన్ నింపిన పెట్టెలో భద్రంగా ఉంది.

మీ ఇంట్లో తాతల కాలం నాటి నాయకుల ఉత్తరాలుంటే లామినేషన్ చేయించకండి, కాగితం పాడవుతుంది. చారిత్రక విలువ ఉండి 75 ఏళ్లు నిండిన పత్రాన్ని 1972 నాటి పురావస్తువుల చట్టం ప్రకారం అనుమతి లేకుండా దేశం దాటించకూడదు. దాచలేమనుకుంటే అమ్మేముందు హైదరాబాద్ తార్నాకలోని రాష్ట్ర ఆర్కైవ్స్ వారికి ఒకసారి చూపించండి.