ట్యాంకులో నీళ్ళెన్ని?

మేడ్చల్, శామీర్‌పేట ప్రాంతాల్లో నేల అడుగున ఉన్నది గట్టి గ్రానైటు రాయి. బోరునీరు అపురూపం. మిద్దెమీది ట్యాంకు పొర్లితే నీరూ, కరెంటూ వృథాయే కదా! కంప్యూటరుకు ప్రోగ్రాములు రాసే సాఫ్ట్‌వేర్ ఉద్యోగి తీరికవేళ ఈ వృథాను ఎలా అరికట్టవచ్చో చూద్దాం.

ఇందుకు సాధనం ఆర్డువినో. 2005లో ఇటలీలోని ఇవ్రియా పట్టణంలో విద్యార్థుల కోసం రూపొందిన చిన్న సర్క్యూట్ బోర్డు ఇది. దీనికి కలిపిన పరికరమొకటి ట్యాంకు మూతకింద ఉండి, సెకనుకు 40,000 కంపనాల ధ్వనిని పంపుతుంది. 20,000 దాటితే మన చెవికి వినబడదు. ఆ ధ్వని నీటిని తాకి తిరిగివస్తుంది. గబ్బిలం దారి తెలుసుకునేదీ ఇలాగే!

ప్రతిధ్వని 6 మిల్లీసెకన్లలో వచ్చిందనుకోండి. 20 డిగ్రీల సెంటీగ్రేడు వద్ద గాలిలో ధ్వనివేగం సెకనుకు 343 మీటర్లు. కనుక ధ్వని పోయివచ్చిన దూరం సుమారు 206 సెంటీమీటర్లు. అందులో సగం, అంటే 103 సెంటీమీటర్ల కింద నీరుందన్నమాట. నీరు తగినంత పైకి రాగానే బోర్డు మోటారును ఆపేస్తుంది.

మరి ఎండాకాలంలో? డిగ్రీకి 0.6 మీటరు చొప్పున వేగం పెరిగి, 40 డిగ్రీల వద్ద 355 మీటర్లవుతుంది. అదే 6 మిల్లీసెకన్లకు అసలు దూరం 106.5 సెంటీమీటర్లు. ప్రోగ్రాములో పాత వేగమే ఉంటే, లేని 3.5 సెంటీమీటర్ల నీరు ఉన్నట్లు చూపుతుంది! అందుకే ఉష్ణోగ్రతను కొలిచే పరికరాన్నీ జతచేయాలి.

కంప్యూటరు మనం చెప్పిన లెక్కే చేస్తుంది. ధ్వనిపాఠం దానికి నేర్పవలసింది మనమే. 30 డిగ్రీల వద్ద ఆ దూరమెంతో మీరే కట్టి చూడండి!